ఓమ్స్ తగ్గిస్తే వాట్లు పెరుగుతాయి, సరే... మరి కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది?

కారు స్టీరియో కొంటే డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ‘50 వాట్స్ × 4’ అని ఉంటుంది. అదే స్టీరియోని వెనక్కి తిప్పి చూడండి, చిన్న బ్లేడ్ ఫ్యూజు ఒకటి కనిపిస్తుంది. దాని మీద 10 అనో 15 అనో రాసి ఉంటుంది. ఈ రెండు లెక్కలూ ఒకదానికొకటి పొసగవు. ఇంజన్ నడుస్తున్నప్పుడు కారులో దొరికేది మహా అయితే 14.4 వోల్టులు. 10 ఆంపియర్ల ఫ్యూజు గుండా ఆ వోల్టేజీ దగ్గర లోపలికి పోయేది 144 వాట్లు (15 అయితే 216, అందులోంచీ కొంత వేడిగా పోవాల్సిందే). పోయింది 144 అయితే బయటికి 200 ఎలా వస్తుంది?

రాదు. అలాగని ఆ 50 గాల్లోంచి పుట్టిన అంకె కూడా కాదు. స్పీకర్‌కి అందే పవర్ కావాలంటే వోల్టేజీని దానితోనే గుణించి, స్పీకర్ ఓమ్స్‌తో, అంటే కరెంటుకి అది ఎంత అడ్డు తగులుతుందో చెప్పే అంకెతో, భాగించాలి. 14.4ని 14.4తో గుణిస్తే 207. కారు స్పీకర్ 4 ఓమ్స్ కాబట్టి దాన్ని 4తో భాగిస్తే 51.8. స్టీరియో తన చేతిలో ఉన్న వోల్టేజీ మొత్తాన్నీ స్పీకర్ మీద అటొకసారి ఇటొకసారి పూర్తిగా వేసేస్తే వచ్చే లెక్క ఇది. అలా వేస్తే వినిపించేది పాట కాదు, బర్రుమనే మోత. శుభ్రమైన స్వరానికి వచ్చేది అందులో సగం, అంటే 26 వాట్లు. స్టీరియోలోని ఆంప్లిఫయర్ చిప్ తనలో తాను తినేసేది తీసేస్తే చేతికి దక్కేది 18 నుంచి 22. కరపత్రంలో ‘ఆర్ఎంఎస్’ అని చిన్నగా రాసి ఉండే అంకె అదే.

ఈ చిన్న భాగహారంలోనే కారు ఆడియోలో ఓమ్స్ గొడవంతా ఉంది. పైన ఉన్న వోల్టేజీ మన చేతిలో లేదు, అది బ్యాటరీ, ఆల్టర్నేటర్ ఇచ్చేది. కింద ఉన్న ఓమ్స్ ఒక్కటే మనం మార్చగలిగేది. ఇళ్లలో వాడే స్పీకర్లు ఎక్కువగా 8 ఓమ్స్ ఉంటే, కారువి 4 ఉండటానికి కారణం ఇదే. అదే స్టీరియోకి 8 ఓమ్స్ స్పీకర్ తగిలిస్తే ఆ 22 వాట్లు 11కి పడిపోతాయి. వోల్టేజీ తక్కువున్న చోట పవర్ రాబట్టాలంటే స్పీకర్ కాయిల్ రెసిస్టెన్స్ తగ్గించి కరెంటు ఎక్కువ లాగించడమే దారి. కొన్ని కంపెనీలు 3 ఓమ్స్, 2 ఓమ్స్ డోర్ స్పీకర్లు అమ్మేదీ ఇందుకే.

ఇక షాపులో అందరూ అడిగే ప్రశ్న: ‘ఈ ఆంప్‌కి ఏ ఓమ్స్ స్పీకర్ మ్యాచ్ అవుతుంది?’ ఆంప్ అంటే ఆంప్లిఫయర్, పాట సిగ్నల్‌ని పెంచి స్పీకర్‌కి అందించేది. ఈ ప్రశ్నలో పాత కాలపు నీడ ఒకటుంది. వాల్వు రేడియోల, వాల్వు ఆంప్లిఫయర్ల రోజుల్లో వెనక 4, 8, 16 అని విడివిడిగా టెర్మినళ్లు ఉండేవి. లోపల అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండేది కాబట్టి 8 ఓమ్స్ స్పీకర్‌ని 8 రాసిన చోటే తగిలించాలి. అక్కడ నిజంగానే జోడీ కుదరాలి. స్పీకర్ తగిలించకుండా ఆంప్ మోగిస్తే ట్రాన్స్‌ఫార్మరే కాలిపోయే ప్రమాదం ఉండేది. నేటి ట్రాన్సిస్టర్ ఆంప్ కథ వేరు. దాని సొంత అవుట్‌పుట్ ఇంపీడెన్స్ (పాట కరెంటుకి తగిలే అడ్డు) ఓమ్‌లో వందో వంతు లెక్కన ఉంటుంది. దాన్ని స్పీకర్‌తో సమానం చేయాలని ఎవరూ అనుకోరు, చేస్తే పవర్‌లో సగం ఆంప్‌లోనే వేడిగా పోతుంది. కాబట్టి ఇక్కడ సమానం చేసేది ఏమీ లేదు. ఉన్నది ఒక్కటే, ‘ఇంతకంటే కిందికి దిగొద్దు’ అనే హద్దు. ఆంప్ మీద ‘మినిమం 2 ఓమ్స్’ అని ఉంటే 2, 3, 4, 8 ఏదైనా తగిలించొచ్చు. పైకి వెళ్లిన కొద్దీ పవర్ తగ్గుతుంది, ఆంప్ చల్లగా ఉంటుంది, అంతే. 8 ఓమ్స్ స్పీకర్ పెడితే ఆంప్ పాడవుతుందని కొందరు టెన్షన్ పెడుతుంటారు. అది వాల్వుల కాలం నుంచి మోసుకొచ్చిన భయం.

కిందికి దిగితే ఏమవుతుంది? ఓమ్స్ సగమైతే అదే వోల్యూమ్ దగ్గర కరెంటు రెట్టింపు. ఆ కరెంటంతా ఆంప్‌లోని అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల గుండా పోవాలి. వాటిలో పుట్టే వేడి కూడా దాంతో పాటే పెరుగుతుంది. మంచి ఆంప్ అయితే ఎర్రగా ‘ప్రొటెక్ట్’ లైటు వేసుకుని మూగబోతుంది. చవక ఆంప్ అయితే ఆ లైటు కూడా వెలగకుండానే పోతుంది. ఏప్రిల్ ఎండలో గంటల తరబడి బయట నిలబెట్టిన కారులో, సీటు కింద గాలాడని చోట బిగించిన ఆంప్ సంగతి చెప్పనే అక్కర్లేదు. పాట మొదలుకాకముందే అది సగం వేడెక్కి ఉంటుంది.

స్పీకర్ మీద రాసిన ‘4 ఓమ్స్’ కూడా గుండుగుత్త లెక్కే. స్పీకర్‌ని వైర్ల నుంచి విడదీసి మల్టీమీటర్ పెట్టి చూడండి, 3.2 నుంచి 3.6 మధ్య ఏదో చూపిస్తుంది. స్పీకర్ పాడైందేమో అనుకోనక్కర్లేదు. మల్టీమీటర్ కొలిచేది రాగి కాయిల్ డీసీ రెసిస్టెన్స్. పాట మోగేటప్పుడు పోయేది ఏసీ, దానికి అడ్డు తగిలేది ఇంపీడెన్స్, అది ఒక్కో స్వరం దగ్గర ఒక్కోలా ఉంటుంది. బేస్ మోగించే పెద్ద స్పీకర్, అంటే సబ్ వూఫర్‌నే తీసుకుంటే, దాని కోన్ సహజంగా ఊగే స్వరం దగ్గర, అంటే చాలా వాటికి 30, 40 హెర్ట్జ్ ప్రాంతంలో, ఆ 4 ఓమ్స్ కాస్తా 20, 30 ఓమ్స్ దాటుతుంది. ఎందుకంటే ఆ స్వరం దగ్గర కోన్ విపరీతంగా కదులుతుంది. అయస్కాంతం మధ్య కదిలే కాయిల్ తనే చిన్న డైనమోలా ఎదురు వోల్టేజీ పుట్టిస్తుంది, వచ్చే కరెంటుని వెనక్కి నెడుతుంది. ఆ పై స్వరాల్లో మళ్లీ కిందికి దిగి డీసీ రెసిస్టెన్స్‌కి దగ్గరగా వస్తుంది. ఇంకా పైకి పోతే కాయిల్ ఇండక్టెన్స్ (స్వరం సన్నబడే కొద్దీ కాయిల్ అడ్డు పెంచే గుణం) వల్ల మెల్లగా పెరుగుతుంది. ఇన్ని ఎగుడుదిగుళ్లలో కంపెనీ ఒక అంకె ఎంచి రాస్తుంది, అదే నామినల్ ఇంపీడెన్స్. సౌండ్ పోటీలకు కార్లు తయారు చేసేవాళ్లు అర ఓమ్‌కి వైరింగ్ చేసి కూడా ఆంప్ కాల్చుకోకుండా బయటపడుతుంటారు. అందులో గొప్ప చాలావరకు సబ్‌ని బిగించిన వాళ్ల బాక్సుది, వాళ్లు మోగించే ఒకే ఒక్క స్వరానిది. రోజూ రకరకాల పాటలు వినే మనకి ఆ లెక్క పనికిరాదు.

వేడి ఈ అంకెను ఇంకోసారి మారుస్తుంది. రాగి ప్రతి డిగ్రీకి 0.39 శాతం చొప్పున రెసిస్టెన్స్ పెంచుకుంటుంది. గట్టిగా మోగుతున్న వాయిస్ కాయిల్ 100 డిగ్రీలు వేడెక్కడం పెద్ద విషయం కాదు. అప్పుడు 3.4 ఓమ్స్ కాయిల్ 4.7 అవుతుంది, అందే పవర్ ఆ మేరకు పడిపోతుంది. అరగంట మోగించాక ‘మొదట్లో ఉన్న దమ్ము ఇప్పుడు లేదు’ అనిపించడానికి మన చెవి అలసట ఒక కారణమైతే, ఇది మరొకటి.

ఇప్పుడు వైరింగ్‌కి వద్దాం. ఒకటి కంటే ఎక్కువ స్పీకర్లు ఉన్నప్పుడే చిక్కంతా. ఒక స్పీకర్ మైనస్‌ని రెండో దాని ప్లస్‌కి కలిపి వరసగా పెడితే సిరీస్, ఓమ్స్ కలుస్తాయి: 4, 4 కలిసి 8. రెండిటి ప్లస్సులు ఒకచోట, మైనస్సులు ఒకచోట కలిపితే ప్యారలల్. ఒకేలాంటివైతే ఓమ్స్‌ని స్పీకర్ల సంఖ్యతో భాగిస్తే చాలు: 4, 4 కలిసి 2. వేర్వేరు ఓమ్స్ ఉన్నవాటిని కలపడం మాత్రం నాకు నచ్చదు. 4, 8 ప్యారలల్‌లో పెడితే మొత్తం 2.67 వస్తుంది, లెక్క బాగానే ఉంటుంది. కానీ 4 ఓమ్స్ స్పీకర్ రెండో దానికి రెట్టింపు పవర్ తింటుంది. సిరీస్‌లో పెడితే సీను తిరగబడుతుంది, అక్కడ 8ది పైచేయి. ఒకటి అరుస్తుంటే ఇంకోటి గొణుగుతుంది.

మన దగ్గర ఎక్కువగా జరిగే పొరపాటు వెనక ట్రేలో జరుగుతుంది. కారుతో వచ్చిన వెనక డోర్ స్పీకర్లు అలాగే ఉంచి, ట్రే మీద పెద్ద ఓవల్ స్పీకర్లు రెండు కొత్తగా పెట్టించి, డోర్ వైర్ల నుంచే వాటికి కనెక్షన్ లాగేస్తారు. స్టీరియోకి అది ప్యారలల్, అంటే ఒక్కో చానల్ (ఒక స్పీకర్ కోసం స్టీరియో ఇచ్చే విడి లైను) మీద 2 ఓమ్స్. దాదాపు అన్ని స్టీరియోల మీదా 4 నుంచి 8 ఓమ్స్ అనే రాసి ఉంటుంది. మొదటి రోజు బాగానే మోగుతుంది, వోల్యూమ్ పెంచితే కాసేపటికి పాట తెగి తెగి వస్తుంది, స్టీరియో వెనక భాగం చేయి పెట్టలేనంత కాలుతుంది. ఓవల్స్ కావాలంటే వాటికి చిన్న ఆంప్ ఒకటి పెట్టడం మంచిది. అది వద్దనుకుంటే వెనక డోర్ స్పీకర్లు పీకేసి వాటి స్థానంలో ఓవల్స్ ఒక్కటే ఉంచాలి.

సన్నని స్వరాలు పలికే చిన్న స్పీకర్, అంటే ట్వీటర్ మాత్రం ఈ లెక్కలోకి రాదు. డోర్ స్పీకర్ వైరుకే ట్వీటర్ తగిలిస్తే 2 ఓమ్స్ అయిపోదా అని చాలామందికి అనుమానం. ట్వీటర్ వైర్లో బఠాణీ గింజంత కెపాసిటర్ ఒకటి ఉంటుంది, అది కాపాడుతుంది. 4.7 మైక్రోఫారడ్ కెపాసిటర్, 4 ఓమ్స్ ట్వీటర్ అనుకుందాం. 8,500 హెర్ట్జ్ దగ్గర ఆ కెపాసిటర్ అడ్డు కూడా 4 ఓమ్స్. 100 హెర్ట్జ్ దగ్గరికి దిగితే అదే కెపాసిటర్ 340 ఓమ్స్ దాకా అడ్డు చూపిస్తుంది. బేస్ వచ్చేటప్పుడు ఆంప్‌కి ట్వీటర్ కనిపించదు, సన్నని స్వరాలప్పుడు వూఫర్ కాయిల్ ఇండక్టెన్స్ వల్ల దాని అడ్డు పెరిగి అది పక్కకి తప్పుకుంటుంది. వూఫర్, ట్వీటర్ విడివిడిగా ఉండే కాంపొనెంట్ సెట్‌తో వచ్చే, వాటికి స్వరాల్ని పంచే క్రాసోవర్ డబ్బా ఇదే పనిని ఇంకా శుభ్రంగా చేస్తుంది. అందుకే వూఫర్, ట్వీటర్, క్రాసోవర్ కలిపి కూడా ఆంప్‌కి 4 ఓమ్స్ సెట్టే.

ఒక హెచ్చరిక. స్టీరియో నుంచి వచ్చే స్పీకర్ మైనస్ వైరు ఎర్త్ కాదు. ఇప్పటి స్టీరియోల్లో ప్లస్, మైనస్ రెండూ లైవే. పాట లేకపోయినా రెండిటి మీదా బ్యాటరీ వోల్టేజీలో సగం, అంటే 6, 7 వోల్టులు నిలబడి ఉంటాయి. వైరు తక్కువైందని మైనస్‌ని బాడీకి కలిపినా, నాలుగు మైనస్సులూ ఒకచోట ముడివేసినా స్టీరియోకి ముప్పే. డోర్ లోపల రేకు అంచుకి ఒరుసుకుని తెగిన వైరు కూడా ఇదే పని చేస్తుంది. కాబట్టి స్టీరియో బిగించేముందు కప్లర్ విప్పి, ఒక్కో స్పీకర్ వైరుకీ బాడీకీ మధ్య మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి చూడాలి. ఏమీ చూపించకూడదు. చూపించిందంటే ఎక్కడో తగులుతోంది.

సబ్ వూఫర్ కొనేటప్పుడు ‘డీవీసీ’ అనే మాట వినిపిస్తుంది, డ్యుయల్ వాయిస్ కాయిల్. ఒకే కోన్‌కి రెండు కాయిళ్లు, వెనక రెండు జతల టెర్మినళ్లు. దీనివల్ల సౌండ్‌లో తేడా ఏమీ రాదు, వైరింగ్‌లో వెసులుబాటు వస్తుంది. డ్యుయల్ 4 అయితే ప్యారలల్‌లో 2, సిరీస్‌లో 8. డ్యుయల్ 2 అయితే ప్యారలల్‌లో 1, సిరీస్‌లో 4. రెండు కాయిళ్లకీ పవర్ అందాలి, ఒకటి ఖాళీగా వదిలేస్తే స్పీకర్ మోసే పవర్ సగమవుతుంది. పెట్టింది రెండు సబ్‌లు అయితే ఇంకొంచెం ఆట ఉంటుంది. రెండు డ్యుయల్ 4 సబ్‌లు: నాలుగు కాయిళ్లూ ప్యారలల్‌లో పెడితే 1 ఓమ్, ఒక్కోదాన్ని సిరీస్ చేసి ఆ రెంటినీ ప్యారలల్ చేస్తే 4. రెండు డ్యుయల్ 2 సబ్‌లైతే అన్నీ ప్యారలల్‌లో అర ఓమ్, సిరీస్ చేసి ప్యారలల్ చేస్తే 2. రెండు సబ్‌లు ఒకే ఆంప్ మీద పెట్టేవాళ్లు ముందు ఆంప్ ఏ ఓమ్స్ దగ్గర ఎంత ఇస్తుందో చూసి, ఆ తర్వాతే సబ్ ఎంచుకోవాలి. మనవాళ్లు ముందు సబ్ కొంటారు, ఆంప్ సంగతి ఆఖర్న ఆలోచిస్తారు.

బ్రిడ్జింగ్ దగ్గర ఇంకో మెలిక. రెండు చానళ్లని కలిపి ఒకే స్పీకర్‌ని మోగించడం అది. ఒక చానల్ పైకి తోస్తుంటే రెండోది కిందికి లాగుతుంది. స్పీకర్ మీద వోల్టేజీ రెట్టింపవుతుంది. దానికి బదులుగా ఒక్కో చానల్‌కి స్పీకర్ ఓమ్స్ సగమే కనిపిస్తాయి. 4 ఓమ్స్ సబ్‌ని బ్రిడ్జ్ చేస్తే ప్రతి చానలూ 2 ఓమ్స్ మోస్తున్నట్టు. అందుకే మామూలుగా 2 ఓమ్స్ దాకా తట్టుకునే ఆంప్ మీద బ్రిడ్జ్‌కి మాత్రం ‘మినిమం 4’ అని రాసి ఉంటుంది. ఈ రెండో అంకెను చదవకపోవడం వల్ల పోయిన ఆంప్‌లు లెక్కలేనన్ని ఉంటాయని నా నమ్మకం.

ఇక అసలు ఆకర్షణ, 1 ఓమ్. ఇలాంటి విడి ఆంప్ కారు ఇచ్చే వోల్టేజీని లోపలే పెంచుకుంటుంది, కాబట్టి స్టీరియోకున్న 14.4 హద్దు దానికి లేదు. మోనో, అంటే ఒకే చానల్ ఉన్న ఆంప్ ఒకటి తీసుకుందాం, ఈ తరహావి మార్కెట్లో మామూలే: 4 ఓమ్స్ దగ్గర 300 వాట్లు, 2 దగ్గర 500, 1 దగ్గర 800. అదే ఆంప్, అదే ధర, వైరింగ్ మారిస్తే 500 వాట్లు అదనం. కూర్చున్న చోట లాటరీ తగిలినట్టే ఉంటుంది. ఖర్చు ఎక్కడ పడుతుందో చూద్దాం. క్లాస్ డి ఆంప్ (తక్కువ వేడి పుట్టించే రకం) తీసుకున్న పవర్‌లో 80 శాతం దాకా పాటగా మారుస్తుంది. ఓమ్స్ తగ్గిన కొద్దీ ఆ శాతం కూడా తగ్గుతుంది. 300 వాట్లకి దాదాపు 26 ఆంపియర్లు, 500కి 43, 800కి 70 పైనే లాగాలి. చిన్న హ్యాచ్‌బ్యాక్‌లో ఆల్టర్నేటర్ మొత్తం శక్తే 60 నుంచి 90 ఆంపియర్ల మధ్య ఉంటుంది, అదీ ఇంజన్ బాగా తిరిగినప్పుడు. సిగ్నల్ దగ్గర నిలబడ్డప్పుడు అంత రాదు. ఏసీ బ్లోయర్, హెడ్‌లైట్లు, ఇంజన్ కంప్యూటర్, ఇంజన్‌కి పెట్రోలు అందించే పంపు అందులోంచే తమ వాటా తీసుకుంటాయి. మిగిలింది 35 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ తన ఒంట్లోంచి ఇవ్వాలి. దరువు పడినప్పుడల్లా హెడ్‌లైట్లు మసకబారే కార్లు మీరు చూసే ఉంటారు. పాట ఎల్లప్పుడూ పూర్తి పవర్ అడగదు, సగటున అందులో చిన్న భాగమే వాడుతుంది, అందుకే చాలామంది నెట్టుకొచ్చేస్తున్నారు.

వైరు కూడా తన వాటా అడుగుతుంది. బ్యాటరీ నుంచి డిక్కీ దాకా 5 మీటర్ల 8 గేజ్ (ఈ అంకె తగ్గిన కొద్దీ వైరు లావు) రాగి వైరు వేస్తే 45 ఆంపియర్ల దగ్గర దాదాపు అర వోల్టు దారిలోనే పోతుంది. కిట్లలో వచ్చేది తరచుగా అసలు రాగి కాదు, అల్యూమినియం మీద రాగి పూత, దాన్నే సీసీఏ అంటారు. దాంట్లో నష్టం ఇంకో సగం ఎక్కువ. 4 గేజ్ అసలు రాగి వేస్తే ఆ నష్టం 0.2 వోల్టు లోపుకి వస్తుంది. స్పీకర్ వైపు కూడా అదే కథ. 16 గేజ్ వైరు 5 మీటర్లు పోయి రావడానికి 0.13 ఓమ్ అవుతుంది. 4 ఓమ్స్ స్పీకర్‌కి పోయే పవర్‌లో అది 3 శాతం మింగుతుంది, 1 ఓమ్ అయితే దాదాపు 12 శాతం. బేస్ తగ్గాల్సినచోట చటుక్కున ఆగకుండా లాగుతోందంటే అందులో ఈ వైరు రెసిస్టెన్స్ పాత్ర కొంత ఉంటుంది. కరపత్రంలో గొప్పగా రాసే డ్యాంపింగ్ ఫ్యాక్టర్ (కోన్ కదలికని ఆంప్ ఎంత పట్టి ఆపగలదో చెప్పే అంకె) ఓమ్స్ సగమైతే తనూ సగమవుతుంది.

ఇంత ఖర్చు పెట్టి తెచ్చుకున్న మోత ఎంత? 300 నుంచి 800 వాట్లకి వెళ్తే పెరిగేది 4.3 డెసిబెల్స్. పవర్ రెట్టింపైతే వచ్చేది 3 డెసిబెల్సే. చెవికి ‘రెట్టింపు గట్టిగా ఉంది’ అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ కావాలి, అంటే పది రెట్ల పవర్. 300 నుంచి 500కి వెళ్లడం 2.2 డెసిబెల్స్, శ్రద్ధగా వింటే తెలిసే తేడా. అదే డబ్బుతో బాక్సు లీటర్ల లెక్క సరిచూసి చేయించుకుంటే, లేదా 3 డెసిబెల్స్ ఎక్కువ సెన్సిటివిటీ ఉన్న, అంటే అదే పవర్‌కి అంత గట్టిగా మోగే సబ్ ఎంచుకుంటే, బ్యాటరీని ఇబ్బంది పెట్టకుండానే పవర్ రెట్టింపు చేసినంత ఫలితం. 1 ఓమ్ వైరింగ్ తప్పు అనను. బ్యాటరీ, ఆల్టర్నేటర్, వైరు మార్చే ఉద్దేశం ఉన్నవాళ్లకి అది సరైన దారే. మార్చకుండా చేసేవాళ్లకి 2 ఓమ్స్ దగ్గర ఆగడం నయం. ఆంప్ చల్లగా ఉంటుంది, వోల్టేజీ నిలబడుతుంది, కాగితం మీద పోయిన వాట్లు చెవికి పెద్దగా తెలియవు.

వాట్ల అంకెలు ఎంతవరకు నమ్మాలి? అమెరికాలో 2003లో సీఈఏ-2006 అనే ప్రమాణం వచ్చింది, ఇప్పుడు దాన్ని సీటీఏ-2006 అంటున్నారు. 14.4 వోల్టుల దగ్గర, 4 ఓమ్స్ మీద, 1 శాతం లోపు వక్రీకరణతో ఎంత ఇస్తుందో అంతే రాయాలని దాని నియమం. ఆ ముద్ర ఉన్న ఆంప్ అంకెలు నమ్మొచ్చు. లేని వాటికి ఫ్యూజు పరీక్ష ఉంది. ‘2000 వాట్స్’ అని రాసిన ఆంప్ మీద 25 ఆంపియర్ల ఫ్యూజులు రెండు ఉన్నాయనుకోండి. 50ని 14.4తో గుణిస్తే 720, క్లాస్ డి కాబట్టి అందులో 80 శాతం, 576. క్లాస్ ఏబీ (ఎక్కువ వేడిగా పోగొట్టే రకం) అయితే 60 శాతమే వేసుకోవాలి. ఫ్యూజు క్షణకాలం తన హద్దు కంటే ఎక్కువే మోస్తుంది కాబట్టి ఇది ఉజ్జాయింపు. అయినా 2000కీ 576కీ మధ్య దూరం ఉజ్జాయింపు వల్ల వచ్చింది మాత్రం కాదు.

ఓమ్స్ కుదిరాక మిగిలేది గెయిన్. ఆ నాబ్‌ని చాలామంది వోల్యూమ్ అనుకుని పూర్తిగా తిప్పేస్తారు. స్టీరియో ఇచ్చే సిగ్నల్‌కి ఆంప్‌ని సరిపెట్టడానికే అది ఉంది. దీనికి పైన వాడిన భాగహారాన్నే వెనక్కి తిప్పాలి. కావలసిన వాట్లని ఓమ్స్‌తో గుణించి వర్గమూలం తీస్తే ఆంప్ నుంచి రావలసిన వోల్టేజీ వస్తుంది. 500 వాట్లు, 2 ఓమ్స్: 1000కి వర్గమూలం, 31.6 వోల్టులు. 75 వాట్లు, 4 ఓమ్స్: 17.3. స్పీకర్ వైర్లు విప్పేసి, బేస్ బూస్ట్, ఈక్వలైజర్, ఫిల్టర్లు తీసేసి, స్టీరియో వోల్యూమ్ ముప్పావు దగ్గర పెట్టి, 50 హెర్ట్జ్ టెస్ట్ టోన్ మోగించి, మల్టీమీటర్‌ని ఏసీ వోల్టుల్లో పెట్టి, ఆ అంకె వచ్చేదాకా గెయిన్ మెల్లగా పెంచాలి. ఇంటి కరెంటు కూడా 50 హెర్ట్జే కాబట్టి చవక మల్టీమీటర్ కూడా అక్కడ సరిగ్గా చూపిస్తుంది. స్పీకర్లు కాలేది ఎక్కువ వాట్ల ఆంప్ వల్లే కాదు, గెయిన్ మితిమీరి తరంగం తల నరికినట్టయినా కాలతాయి. 50 వాట్ల ఆంప్‌ని ఆ స్థితిలో నడిపిస్తే 50 కంటే చాలా ఎక్కువే స్పీకర్ మీద పడుతుంది.

ఇదంతా ఒక మామూలు కొనుగోలులో ఎలా పనిచేస్తుందో చూద్దాం. హ్యాచ్‌బ్యాక్, ముందు డోర్లకి ఒక కాంపొనెంట్ సెట్, డిక్కీలో ఒక సబ్, అన్నిటికీ కలిపి ఒకే 4 చానల్ ఆంప్. మన దగ్గర బడ్జెట్‌కి అందే సెటప్ ఇదే. ఆంప్ కాగితం మీద మూడు వరసలు ఉంటాయి: 4 ఓమ్స్ దగ్గర 50 × 4, 2 ఓమ్స్ దగ్గర 75 × 4, బ్రిడ్జ్‌లో 4 ఓమ్స్ దగ్గర 150 × 2. మూడో వరస రెండోదాన్నే రెండింతలు చేసి రాసినట్టుంది, నిజానికి అంతే: బ్రిడ్జ్‌లో 4 ఓమ్స్ అంటే ఒక్కో చానల్‌కి 2. ముందు రెండు చానళ్లు డోర్లకి, వెనక రెండూ బ్రిడ్జ్ చేసి సబ్‌కి. ఆంప్ దగ్గర మినిమం 4 కావాలి కాబట్టి సబ్ సింగిల్ కాయిల్ 4 ఓమ్స్‌ది గానీ, సిరీస్‌లో కలిపే డ్యుయల్ 2 గానీ అయి ఉండాలి.

షాపులో చేతికిచ్చేది మాత్రం తరచుగా డ్యుయల్ 4. స్టాకులో అదే ఉంటుంది, పైగా ‘ఎలాగైనా కలపొచ్చు సార్’ అనే హామీ ఒకటి. ఈ ఆంప్‌తో దానికున్న దారులు రెండే. ప్యారలల్ చేస్తే 2 ఓమ్స్, ఒక్కో చానల్‌కి 1, అంటే ప్రొటెక్ట్ లైటు. సిరీస్ చేస్తే 8 ఓమ్స్, 150కి బదులు 100 వాట్లు. ఇప్పటికే కొనేసి బిల్లు జేబులో పెట్టుకున్నవాళ్లు బాధపడాల్సిందేమీ లేదు. 150కీ 100కీ తేడా 1.8 డెసిబెల్స్. సిరీస్‌లో కలిపి, ఆ 8 ఓమ్స్‌కి 100 వాట్ల చొప్పున గెయిన్ 28.3 వోల్టులకి సరిచేసి బిగించేయొచ్చు. మెకానిక్ ‘ప్యారలల్ చేద్దాం, బేస్ ఇరగదీస్తుంది’ అంటే ఆంప్ కాగితంలో బ్రిడ్జ్ వరస ఎదురుగా ఉన్న ఆ 4ని చూపిస్తే సరిపోతుంది.